తమ్ముడి వ్యాపారం గురించి అడిగావు కదా

తెనాలి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం మొన్న చేరింది. అత్తయ్య మోకాళ్ళ నొప్పి తగ్గిందని చదివి ప్రాణం తేలికపడింది. మీ తమ్ముడు ఇక్కడ నాలాగే టెంట్‌హౌస్ పెడతానంటున్నాడు, ఏం చెప్పమంటావని అడిగావు. పెట్టమనీ వద్దనీ ఒక్క ముక్కలో చెప్పలేనురా. కరోనా రెండేళ్ళూ మా వీధి ఎలా గడిచిందో ఫోన్లో ఎప్పుడూ నీకు సరిగ్గా చెప్పలేదు. అది చెప్తే నీకే తెలుస్తుంది.

మా పనికి ఏడాది ఉగాదితో మొదలవుతుంది. ఉగాది, వెంటనే నవమి పందిళ్ళు, ఆ పైన వైశాఖం పెళ్ళిళ్ళు. 2020లో ఉగాది మార్చి 25. సరిగ్గా ఆ రోజే లాక్‌డౌన్ మొదలైంది. ఉగాది పచ్చడి తింటూ టీవీ ముందు కూర్చున్నాం. ఇరవై ఒక్క రోజులే కదా, నవమి పోయినా వైశాఖం ఉంటుందిలే అనుకున్నా. భద్రాద్రి రాముడి కల్యాణమే భక్తులు లేకుండా జరిగిందంటే ఇక మా వీధి పందిరి ఎవడికి కావాలి! లాక్‌డౌన్ మే నెలాఖరు దాకా సాగింది. పెళ్ళికి యాభై మందికి మించకూడదన్నారు.

ఆ యాభై మంది రూలే మా కొంప ముంచింది. పెళ్ళిళ్ళు జరిగాయిరా, జరగకపోలేదు. ఇంటి వరండాలోనో గుడిలోనో తాళి కట్టించేసుకున్నారు. యాభై మందికి షామియానా ఎందుకు? అయిదు వందల కుర్చీలెందుకు? వంట మేస్త్రీ, వడ్డించే కుర్రాళ్ళు, బ్యాండు మేళం, పూలవాళ్ళు, సీరియల్ లైట్లు కట్టేవాడు, జనరేటర్ వాడు, గిన్నెలు తోమే ఆడవాళ్ళు... ఒక్క పెళ్ళి చేతిలో ఎన్ని పొయ్యిలు వెలుగుతాయో నాకు అప్పుడు తెలిసొచ్చింది. మా వంట మేస్త్రీ వెయ్యి మందికి పులిహోర కలిపే మనిషి, ఆటోలో వంకాయలూ టమాటాలూ వేసుకుని వీధులు తిరిగాడు. నా దగ్గరకొచ్చి, 'అన్నా, తక్కెడ పట్టుకోవడం రావట్లేదు' అన్నాడు.

అందరికంటే పాపం శుభలేఖలు వేసే ప్రెస్సాయన. మార్చి మొదట్లోనే వైశాఖం కార్డులన్నీ అచ్చేసి కట్టలు కట్టిపెట్టాడు. తేదీ మారితే కార్డు చిత్తుకాగితం. సగం మంది తీసుకోలేదు, తీసుకోని వాళ్ళు డబ్బూ ఇవ్వలేదు. కాగితం కొట్టు బాకీ మాత్రం అలాగే ఉంది. ఆ కట్టల్లో కొన్ని మా పాపకి ఇచ్చాడు, వెనకవైపు లెక్కలు చేసుకోమని. పెళ్ళికూతురి పేరు బంగారు అక్షరాల్లో ఒక పక్క, ఎక్కాలు ఇంకో పక్క. నాకు చూడబుద్ధయ్యేది కాదు.

ఇక నా సంగతి. వైశాఖానికి తీసుకున్న అడ్వాన్సులన్నీ కొత్త పట్టాల మీదా, కుర్రాళ్ళ ముందస్తు మీదా అప్పటికే పెట్టేశాను. ఒకాయన వచ్చి తిరిగివ్వమన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన ఇల్లూ గడవాలి. మీ చెల్లెలు గొలుసు తీసి చేతిలో పెట్టింది, తాకట్టు పెట్టి ఇచ్చాను. ఇంకో పెద్దాయన మాత్రం, 'ఉంచుకో నాయనా, ముహూర్తం మళ్ళీ పెట్టుకున్నప్పుడు నువ్వే రావాలి' అని వెళ్ళిపోయాడు. ఆ పెళ్ళి ఏడాదిన్నర తర్వాత జరిగింది. షామియానా నేనే దగ్గరుండి కట్టాను, మిగతా డబ్బు తీసుకోనంటే ఆయన ఊరుకోలేదు.

వినాయక చవితికి పందిళ్ళు వేయొద్దన్నారు. వానల్లో గొడౌన్ తెరిచి చూస్తే షామియానాలకి బూజు, పట్టాలు ఎలుకలు కొరికేశాయి. వాడితే అరుగుతాయని భయపడేవాణ్ణి, వాడకపోతే ఇంకా త్వరగా పోతాయి. గుండిగలు మాత్రం ఊరికే లేవు. హైవే మీద నడిచి వెళ్ళే కూలీలకి అన్నం వండుతామని కుర్రాళ్ళు అడిగితే ఇచ్చాను. ఆ ఏడు వాటికి తగిలిన మంట అదొక్కటే.

సాయం రాలేదనను. చిన్న వ్యాపారాలకి కేంద్రమే పూచీ ఉండి బ్యాంకులు 3 లక్షల కోట్ల అప్పులిస్తాయని ప్రకటించింది. కానీ 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఎంత బాకీ ఉంటే అందులో 20 శాతమే కొత్తగా ఇస్తామన్నారు. నాకు బ్యాంకు అప్పే లేదు! నాదంతా చీటీలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అప్పు లేకపోవడం గొప్ప అనుకుని బతికాను, ఆ రోజు అదే అడ్డమైంది. ప్రెస్సాయనకి వచ్చింది, దాంతో షాపు అద్దె కట్టాడు. అప్పు చేసి అద్దె కడితే ఏం మిగులుతుంది చెప్పు. వాయిదాలు ఆర్నెల్లు ఆపుకునే మారటోరియం కూడా తీసుకున్నాడు, ఆ వడ్డీ అసలులో కలిసింది. మన ఇడ్లీ బండి పిన్నికి వీధి వ్యాపారుల అప్పు కింద వచ్చిన పదివేలు మాత్రం నిజంగా పనికొచ్చాయి. మినప్పప్పు, రవ్వ, గ్యాసు బండ కొనుక్కుని మళ్ళీ పొయ్యి వెలిగించింది. అది తీర్చాక ఇరవై వేలిచ్చారు.

2021 మొదట్లో మూఢాలు, ముహూర్తాల్లేవు. మేలో ఆడర్లు బాగా పడ్డాయని సంతోషించేలోపు రెండో వేవ్, మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. ఆ దెబ్బతో బ్యాండు మేస్టారు ఇత్తడి వాయిద్యాలు అమ్మేశాడు. మొదటిసారి కంటే రెండోసారే ఎక్కువమంది పోయారురా, ప్రాణాలూ, వ్యాపారాలూ.

మా లైన్లో ఇప్పుడు మిగిలినవాళ్ళని చూడు. పనిలో మొనగాళ్ళేం కాదు. గొడౌన్ సొంతమైనవాళ్ళు, అంతే. నాది మా నాన్న కట్టిన రేకుల షెడ్డు కాబట్టి నిలబడ్డాను. నాకంటే శుభ్రంగా పని చేసే ఇద్దరు అద్దె కట్టలేక సామాను తూకానికి వేశారు. ఆ కుర్చీల్లో కొన్ని నేనే కొన్నాను. కొనేటప్పుడు మొహం ఎత్తి చూడలేకపోయాను.

అందుకని మీ వాడికి చెప్పు. అద్దె గొడౌన్ అయితే ఆర్నెల్ల అద్దె విడిగా తీసి పెట్టుకుంటేనే దిగమను. అడ్వాన్సులు ముట్టుకోవద్దను. చిన్నదైనా బ్యాంకులో ఒక ఖాతా, ఒక అప్పు వాడి పేరు మీద నడవనీ. కొత్త సామాను ఒక్కసారే కొనొద్దను, మొదటి సీజన్ నా కుర్చీలు వాడుకోమను, డబ్బు తర్వాత చూసుకుందాం. శ్రావణానికి ముందు ఓ ఆదివారం పంపించు. షెడ్డు చూపిస్తాను, లెక్కల పుస్తకం కూడా.

అత్తయ్యకి నమస్కారాలు చెప్పు. పిల్లల పరీక్షలు ఎప్పుడో రాయి.

నీ,
బావ