చేయి తిరగని మాటలు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని పిల్లల పేజీలో నోరు తిరగని మాటలు వేసినారు కదా, కాకీక కాకికి కాక కేకికా, ఎర్ర లారీ తెల్ల లారీ, అట్లాంటివి. పొద్దున్నే టిఫిన్ దగ్గర మా పాప అవి గడగడా చదవబోయి తప్పుతా ఉంటే అందరం పడీపడీ నవ్వినాము, మా పెద్దోడు మాత్రం మా మొహాలు చూస్తా కూర్చున్నాడు. వాడికి పుట్టినప్పటి నుంచి వినపడదు. పన్నెండేళ్ళు. ఎందుకు నవ్వుతా ఉండారు అని చేత్తో అడిగితే నాకొచ్చిన కాస్త సైన్ లాంగ్వేజ్‌లో చెప్పబోయినాను, కుదర్లేదు, లారీకి సైన్ ఉంటాది గానీ ర పక్కన ల వచ్చి నాలుక మెలిక పడేది చేత్తో ఎట్లా చూపించేది?

కాసేపటికి వాడే నా భుజం తట్టి ఒకటి చూపించినాడు. మన ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌లో మంచి అంటే బొటనవేలు పైకి, చెడ్డ అంటే చిటికెనవేలు పైకి. కుడిచేత్తో మంచి, ఎడమచేత్తో చెడ్డ ఒకేసారి పట్టినాడు, టక్కున కుడి చెడ్డ ఎడమ మంచి, మళ్ళీ మార్పు, మళ్ళీ మార్పు, స్పీడు పెంచుకుంటా. మీరూ ఒకసారి చేసి చూడండి సార్. నాలుగుసార్లు తిప్పేలోపల రెండు చేతుల్లోనూ బొటనవేలే లేస్తాది, లేదంటే చిటికెనవేలు వెంట ఉంగరం వేలు కూడా లేస్తాది. నేను తప్పినాను, మా ఆవిడ తప్పింది, పాప రెండు చేతుల వైపు మార్చి మార్చి చూసుకుంటా నిలబడిపోయింది. ఈసారి కడుపు పట్టుకుని నవ్వింది వాడు.

ఆ రాత్రి వెతికి చూస్తే అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌లో ఇట్లాంటివాటికి ఫింగర్ ఫంబ్లర్, అంటే వేళ్ళు తడబడేది, అని పేరే ఉంది. సూసన్ ఫిషర్ అనే భాషా శాస్త్రవేత్త చెప్పినది ఒకటి, గుడ్ బ్లడ్ బ్యాడ్ బ్లడ్. ఇంగ్లీషులో నోరు తిరగదు, ఆ సైన్లలో చేయి తిరగదు. అక్కడ గుడ్, బ్యాడ్ రెండూ నోటి దగ్గర నుంచే బయల్దేరతాయి, అరచేయి పైకి ఉంటే గుడ్, కిందికి తిప్పితే బ్యాడ్, మధ్యమధ్యలో బ్లడ్ కోసం ఒక చేతి వెనక ఇంకో చేతి వేళ్ళు ఆడిస్తా దించాల. మన సైన్లు వేరే కాబట్టి అదే మెలిక మనకు పడదు, సైన్ లాంగ్వేజ్ ప్రపంచమంతా ఒకటే అనుకునేవాళ్ళు ఇది గమనించాల. 1960లోనే విలియం స్టోకీ అనే ఆయన, సైన్ అంటే చేతి ఆకారం, పెట్టే చోటు, కదలిక అనే ముక్కలు కలిస్తే అయ్యేది అని చూపించినాడు. మాటకు శబ్దాలు ఉన్నట్టే. ఊరికే చేతులు ఊపడమే అయితే తడబడేదానికి ఏముంటాది?

నిరుడు పాప స్కూల్లో నోరు తిరగని మాటల పోటీ పెట్టి, మావాడూ ఏదైనా చేస్తాడు అంటే "పాపం, వాడికెందుకు ఇబ్బంది" అని చాక్లెట్ ఇచ్చి ముందు వరసలో కూర్చోబెట్టినారు. ఆ పాపం అనే మాట నాకింకా గుచ్చుకుంటా ఉంది. తెలుగు భాషా దినోత్సవం గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున చేస్తాము, సవర అనే గిరిజనుల భాష కోసం మన్యంలో తిరిగి మలేరియా వచ్చి, క్వినైన్ వాడి వాడి ఆయనకే చెవుడు వచ్చింది. అది స్టేజీ మీద ఎవరూ చెప్పరు.

సెప్టెంబర్ 23 అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినం. ఆ రోజు పిల్లల పేజీలో చేయి తిరగని మాటలకు అర కాలమ్ జాగా ఇవ్వండి. నాలుగు ఫొటోలు, కదలిక కోసం వీడియోకు క్యూఆర్ కోడ్, అంతే. సైన్లు సరిచూసుకోడానికి ఢిల్లీలోని ఐఎస్ఎల్ఆర్‌టీసీ (ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్) వాళ్ళ డిక్షనరీ ఉంది, 2021కే 10,000 పదాలు అయినాయి. ఇక్కడ తిరుపతిలోనే టీటీడీ వాళ్ళ బధిర పాఠశాల ఉంది, ఆ పిల్లల్ని అడిగితే మనకు తోచనివి తయారుచేసి ఇస్తారు. హెడ్డింగులో మాత్రం దయచేసి మూగభాష అని వేయొద్దు.

మావాడు ఇప్పటికే ఇంకో రెండు కట్టి పెట్టుకున్నాడు. కావాలంటే ఫొటోలు తీసి పంపిస్తాను.

ఒక తండ్రి, తిరుపతి