ఆ ఆసియా కప్ గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

2025 సెప్టెంబరులో క్రికెట్ ఆసియా కప్ గురించి మన పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి, సంతోషం. దానికి ముందు నెలలోనే సౌదీలోని జెడ్డాలో బాస్కెట్‌బాల్ ఆసియా కప్ జరిగింది. మన జట్టు కూడా ఆడింది. మా ఇంటికి వచ్చే పేపర్లు తిరగేస్తే, ఒక మూల నాలుగు వరుసల వార్త కనిపించింది. ఉన్నత పాఠశాలలో ఏళ్ల తరబడి పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పినవాణ్ణి. మనసు ఊరుకోక రాస్తున్నాను.

క్రికెట్ ఆసియా కప్ పుట్టింది 1984లో. బాస్కెట్‌బాల్‌లో ఆసియా దేశాలు 1960 నుంచే తలపడుతున్నాయి. తొలి పోటీలు మనీలాలో జరిగాయి, కప్పు కూడా ఫిలిప్పీన్స్‌దే. 1975లో బ్యాంకాక్‌లో చైనా రంగంలోకి దిగుతూనే కప్పు ఎగరేసుకుపోయింది. ఇప్పటికి 16 సార్లు గెలిచింది. ఆ బ్యాంకాక్ పోటీల్లోనే చైనా, జపాన్, దక్షిణ కొరియాల తర్వాత నాలుగో స్థానం ఎవరిదనుకుంటున్నారు? మనదే! నేను చెప్పేవరకు మా పిల్లల్లో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. మరి ఎవరు రాశారని తెలుస్తుంది? 1981లో ఇవే పోటీలకు కలకత్తా ఆతిథ్యమిచ్చిందన్నా అంతే, నమ్మలేనట్టు చూసేవారు.

చైనాకు ఎదురులేదనుకుంటున్న రోజుల్లో ఇరాన్ లేచింది. 2007లో తొలిసారి కప్పు గెలిచి, 2009లో చైనా గడ్డ మీదే, తియాన్‌జిన్ ఫైనల్లో 70-52 తేడాతో చైనాను మట్టికరిపించింది. ఏడడుగులు దాటిన హమెద్ హద్దాదీ రింగు కింద నిలబడితే బంతి వేయడానికి దారి దొరికేది కాదు. లెబనాన్ సంగతి మరీ గొప్ప. మన ఒక్క జిల్లా అంత విస్తీర్ణం ఉన్న దేశం నాలుగుసార్లు ఫైనల్‌కు చేరింది. 2022లో జకార్తాలో ఆస్ట్రేలియా చేతిలో రెండంటే రెండు పాయింట్ల తేడాతో, 75-73తో ఓడింది. ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడు లెబనాన్‌కు చెందిన వాయెల్ అరక్జీ.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లను 2017 నుంచి ఆసియా పోటీల్లో కలిపారు. అది అన్యాయమని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. గట్టివాళ్లతో ఆడకుండా ఆట ఎలా పెరుగుతుంది? అప్పటి నుంచి జరిగిన మూడుసార్లూ ఆస్ట్రేలియాయే గెలిచిన మాట నిజమే. కానీ జెడ్డా ఫైనల్లో చైనా ఓడింది 90-89తో, ఒక్క పాయింటుతో.

అదే జెడ్డాలో మన కుర్రాళ్లు జోర్డాన్‌ను అదనపు సమయం దాకా లాక్కెళ్లారు. ఓడిపోయారు, ఆ తర్వాతి మ్యాచ్‌లూ ఓడారు. అయినా జోర్డాన్‌తో అంతవరకు పోరాడిన జట్టుకు నాలుగు వరుసలేనా?

అందుకే నా మనవి. 1975 జట్టు గురించి ఒక ఆదివారం పూర్తి కథనం వేయండి. అప్పటి ఆటగాళ్లలో మన మధ్య ఉన్నవారిని వెతికి మాట్లాడించండి. మన జట్టు అర్హత మ్యాచ్‌లు ఆడినప్పుడల్లా స్కోరుతో పాటు ఎవరు ఎన్ని పాయింట్లు సాధించారో, ఎన్ని రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతులు) పట్టారో చిన్న పట్టిక ఇవ్వండి. స్కూలు నోటీసు బోర్డు మీద దాన్ని కత్తిరించి అంటించే మాస్టార్లు ఇంకా ఉన్నారు.

- ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం