ఒకటి, రెండు తరగతులకు రోజూ ఒక అరగంట: అనంతపురం డీఈవో గారికి బహిరంగ లేఖ

జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారాలతో,

మన జిల్లాలో ఏ ప్రాథమిక బడికైనా వెళ్లి, రెండో తరగతి పిల్లల్ని ఇష్టమైన బొమ్మ గీయమనండి. చాలామంది రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి పారే ఏరు, ఒడ్డున కొబ్బరిచెట్టు గీస్తారు. వానాకాలంలోనూ వంకలు పారని ఊళ్ల పిల్లలు కూడా అంతే. ఆ ఏరు వాళ్లు చూసింది కాదు, నల్లబల్ల మీద మేం గీసిచ్చింది. అందరూ ఒకేలా గీస్తే నోటుబుక్కు శుభ్రంగా కనిపిస్తుంది, తనిఖీలో ఇబ్బంది ఉండదు. ఎనిమిది కాళ్ల మేకను గీసిన పిల్లవాడు, అది పరుగెత్తుతోందని చెప్పేలోపే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేస్తాం.

అందుకే ఒకటి, రెండు తరగతులకు రోజూ ఒక అరగంట, కథలకు, నీడబొమ్మలాటకు, నోటుబుక్కులో రుజువు చూపనక్కర్లేకుండా ఇప్పించండి. ఇది నిబంధనలకు అడ్డుపడే కోరిక కాదు. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆట, కథ, బొమ్మల ద్వారానే నేర్పమంటోంది.

ఆ అరగంటలో మొదటి పని కథ. కథను సగంలో, చిక్కుముడి దగ్గర ఆపాలి. "ఇందులో నీతి ఏమిటి?" అని అడిగితే పిల్లలు మనకు కావలసిన జవాబు వెతుక్కుంటారు. "ఇప్పుడు నక్క ఏం చేస్తుంది?" అంటే సొంతంగా ఆలోచిస్తారు. అడిగాక కనీసం మూడు సెకన్లు నోరు మెదపకూడదు. ఉపాధ్యాయులు సాధారణంగా ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయని, మాట్లాడే పిల్లలు పెరుగుతారని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది గానీ, తరగతిలో అది చాలాసేపు అనిపిస్తుంది. రాయదుర్గం వైపు పిల్లలు కన్నడంలో, తండాల పిల్లలు సుగాలి మాటల్లో జవాబిస్తే ఇవ్వనివ్వాలి. తెలుగు తర్వాత చేర్చవచ్చు.

రెండో పని నీడబొమ్మలు, అంటే వెనుక వెలుగు పెట్టి తెర మీద ఆడించే బొమ్మలు. తోలుబొమ్మలాట కళాకారుడు పద్మశ్రీ దళవాయి చలపతిరావు గారి ఊరు నిమ్మలకుంట మన పక్కనే, ధర్మవరం మండలంలో ఉంది. అక్కడ బొమ్మలకు వాడే మేకతోలు మనకు అక్కర్లేదు, నోటుబుక్కు కాగితం, వేరుశనగ నూనె చాలు. జానెడు ఎత్తు బొమ్మను పక్కనుంచి చూసిన ముఖంతో గీయించాలి. ఎదురుగా చూసిన ముఖమైతే నీడలో ముక్కు, మూతి కనిపించవు. ముందు రంగులు వేసి, కత్తిరించి, చీపురుపుల్లను జిగురుతో అంటించి ఆరనివ్వాలి. నూనె చివర్లోనే, దూదితో పలుచగా పూయాలి. ముందే పూస్తే రంగు పట్టదు, జిగురు అంటదు. నూనె తాగిన కాగితం గుండా వెలుగు వస్తుంది కాబట్టి తెర మీద రంగు కనబడుతుంది. చార్టు కాగితమైతే మందం వల్ల నూనె సరిగా ఇంకదు, బొమ్మ నల్లగానే మిగులుతుంది. బొమ్మ కన్ను దగ్గర రంధ్రం టీచరే సూదితో పొడవాలి. నూనె పూశాక ఒక రాత్రి పాత పేపరు మీద ఆరబెట్టాలి, లేకపోతే తెర మరకలవుతుంది.

తెరకు పాత తెల్ల పంచె చాలు, ముడతల్లేకుండా బిగించి కట్టాలి. బొమ్మను గుడ్డకు ఆనించి ఆడించాలి. బెత్తెడు వెనక్కి జరిగినా అంచులు మసకబారతాయి. ట్యూబులైటు పనికిరాదు, వెలుగు ఒకే చోటినుంచి రావాలి. సెల్‌ఫోన్ టార్చి నాలుగడుగుల వెనుక, ఆడించే పిల్లల తలలకన్నా ఎత్తులో ఉంటే వాళ్ల నీడ తెర మీద పడదు. కరెంటు లేకపోయినా, వరండా లేని తూర్పు గుమ్మం ఉంటే అక్కడే పంచె కట్టి, ఆడేవాళ్లు బయట ఎండలో, చూసేవాళ్లు లోపల కూర్చోవచ్చు. పది దాటక ముందే ఆడించాలి, తర్వాత ఎండ నిట్టనిలువై తెర మీద సరిగా పడదు.

బొమ్మలకు అలంకరణగా అంటించడానికని చిన్నపిల్లలకు చింతగింజలు, పూసలు మాత్రం చేతికివ్వకూడదు. ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు.

ఇద్దరే టీచర్లున్న బడిలో ఇది ఎలాగంటారా? ఆ అరగంట మూడు, నాలుగు, ఐదు తరగతులకు గ్రంథాలయ పుస్తకాలిచ్చి ఒకరు చూసుకుంటే, మరొకరు చిన్నవాళ్లతో ఉంటారు. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో రోజూ కుదరదు, అక్కడ వారానికి రెండు రోజులకు ఒప్పుకోండి.

డబ్బు పెద్ద సమస్య కాదు. ముప్పైమంది లోపున్న బడికీ, బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద ఏటా 10,000 రూపాయల గ్రాంటు ఉంది. జిగురు, రంగులు, గుడ్డ అందులో కొనుక్కోవచ్చని ఒక్క వాక్యం రాసివ్వండి, ఆడిట్ భయంతో చాలామంది హెడ్మాస్టర్లు ముట్టుకోవడం లేదు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక పూట నిమ్మలకుంట కళాకారులను పిలిచి, తగిన పారితోషికమిచ్చి టీచర్లకు నేర్పించండి. తనిఖీ ఫారంలో, ఒకటి రెండు తరగతుల వరకైనా, "బొమ్మల నోటుబుక్కు పూర్తయిందా?" అన్న చోట "ఏ ఇద్దరి బొమ్మలైనా వేర్వేరుగా ఉన్నాయా?" అని మార్చండి. జూన్‌లో బడులు తెరిచే ముందే ఉత్తర్వు వస్తే టైంటేబుల్లో చేర్చుకోగలం, ఆగస్టులో వస్తే ఈ ఏడాదికి చోటుండదు.

ఇట్లు,
అనంతపురం జిల్లా ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు కొందరు