కారు మళ్లగలిగే చోటే అడ్డు పెట్టాలి

సంపాదకులకు,

ఊరి ఉత్సవానికి వీధి మూస్తున్నామనగానే అందరి ధ్యాసా పందిరి మీద, మైకు మీద ఉంటుంది. కార్లను ఆపే పని మాత్రం ఆ రోజు పొద్దున ఎవరో ఒక కుర్రాడికి తాడు, రెండు కుర్చీలు ఇచ్చి అప్పజెబుతారు. తేడా వచ్చేదంతా అక్కడే.

జనం మొదలయ్యే చోట అడ్డు పెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అక్కడిదాకా వచ్చిన డ్రైవరు ఇరుకులో చిక్కుకుంటాడు, వెనక అప్పటికే ఇంకో రెండు బండ్లు వచ్చి ఆగుంటాయి. రివర్సులో పోవడం తప్ప గతి లేదు. కారు వెనకాలే నడుస్తున్న చిన్నపిల్లలు అద్దాల్లో కనపడరు. కాబట్టి అడ్డు ఉండాల్సింది పక్కదారికి మళ్లే వీలున్న చివరి కూడలిలో. అక్కడ ‘వీధి మూసివేత’ అని రాసి ఊరుకుంటే సరిపోదు, ఎటు పోవాలో బాణం గుర్తు చూపాలి. కూడలికి 100 మీటర్ల ముందే ఇంకో బోర్డు పెట్టాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. బోర్డు చదివి బ్రేకు మీద కాలు వేసేసరికే 20 మీటర్లు దాటిపోతుంది.

మళ్లింపు దారిని కారులో తిరిగి చూసి బాగుందనుకోకూడదు. ఆ దారిన పోవాల్సిన అన్నిటికన్నా పెద్ద బండిని బట్టి చూడాలి. మామూలు బస్సు 12 మీటర్ల పొడవుంటుంది. మలుపులో దాని వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, లోపలి అంచుకు ఒరుసుకుంటూ వస్తాయి. ఆ మూలన ఒక్క స్కూటరు నిలిపి ఉంటే చాలు, మళ్లింపు దారి కూడా మూసుకుపోతుంది.

రోడ్డుకు అడ్డంగా తాడు, తీగ కట్టడం ఎంతమాత్రం పనికిరాదు. చీకటి పడితే మోటారు సైకిలు మీద వచ్చేవాడికి అది కనపడదు, సరిగ్గా మెడకు తగులుతుంది. ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములు గాలికే దొర్లిపోతాయి. 200 లీటర్ల డ్రమ్మును నీళ్లతో నింపితే 200 కిలోల పైనే తూగుతుంది, లైటు పడితే మెరిసే టేపు చుట్టూ అతికిస్తే దూరానికే కనపడుతుంది. అయినా అది హెచ్చరికే తప్ప, అదుపు తప్పి దూసుకొచ్చే బండిని ఆపదు. ఆ భయం ఉన్నచోట లారీనో ట్రాక్టరునో అడ్డంగా నిలపాలి. తాళంచెవితో సహా దాని డ్రైవరు పక్కనే కూర్చోవాలి. అంబులెన్సు వచ్చినప్పుడు డ్రైవరు కోసం ఊరంతా వెతికే పరిస్థితి రాకూడదు.

అంబులెన్సు, ఫైరింజను పోవడానికి వీధి పొడవునా 4 మీటర్ల వెడల్పు, పైన నాలుగున్నర మీటర్ల ఎత్తు ఖాళీగా ఉంచాలి. దుకాణాలు రెండు వైపులా పెడితే కొలతకు 4 మీటర్లు వచ్చినా దారి వంకర్లు పోతుంది, అందుకే ఒక్క వైపే పెట్టించడం మేలు. పరీక్షించడం తేలిక: 4 మీటర్ల కర్రను ఇద్దరు అడ్డంగా పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. కర్ర తగిలిన ప్రతి బల్లా వెనక్కి జరగాల్సిందే. తోరణాలనూ లైట్ల తీగలనూ అలాగే పొడవాటి కర్రతో చూసుకోవాలి, పొద్దున బిగువుగా కట్టింది సాయంత్రానికి వేలాడుతుంది.

ఊరి మధ్య నుంచి పోయే రోడ్డు ఊరిదే అయి ఉండాలని లేదు. అది ఎవరి అధీనంలో ఉందో తెలుసుకుని వాళ్లకే దరఖాస్తు పెట్టాలి. వేడుక 4 నుంచి 10 దాకా అయితే, సర్దుకోవడానికీ ఊడ్చుకోవడానికీ కలిపి 2 నుంచి 12 దాకా అడగాలి. ఇంటింటికీ వారం ముందొకసారి, రెండు రోజుల ముందొకసారి చీటీ ఇవ్వాలి. ఆ రోజు ఎవరి కోసమైనా బండి గుమ్మం దాకా రావాల్సిన అవసరం ఉందా అని అప్పుడే అడగాలి. వీధి మూసే వేళ దాటాక లోపలి కారు కదలకూడదు. తప్పనిసరైతే ముందొకరు, వెనకొకరు నడుస్తూ నడక వేగంతో బయటికి తీసుకురావాలి.

ప్రతి అడ్డు దగ్గరా ఇద్దరుండాలి, రెండేసి గంటలకు మారాలి. ఒక్కడే అయితే వాడు మంచినీళ్లకు వెళ్లిన ఐదు నిమిషాల్లోనే ఎవరో డ్రమ్ము జరిపేస్తారు. ‘మా ఇల్లు ఇదిగో, ఇక్కడే’ అని వాదించేవాళ్లను ఆపడానికి కండలున్న కుర్రాడికన్నా, ఊళ్లో అందరినీ పేరుపెట్టి పిలిచే పెద్దమనిషి నయం. ఫోను మ్యాపులో కూడా మూసివేతను ముందే నమోదు చేయాలి, బోర్డుకన్నా ఫోనునే నమ్మేవాళ్లు ఎక్కువయ్యారు.

ఆఖరి గంటను ఎవరూ పట్టించుకోరు. కార్యక్రమం అయిపోగానే ఎవరో ముందు అడ్డు తీసేస్తారు, కుర్చీలు మడుస్తున్న వాళ్ల మధ్యకు కార్లు వచ్చేస్తాయి. జనం వెళ్లాలి, సామాను ఎత్తాలి, మేకులూ గాజు పెంకులూ ఊడ్వాలి, ఒకరు వీధంతా నడిచి చూడాలి, అప్పుడే అడ్డు తీయాలి. దూరంగా పెట్టిన బోర్డులు చిట్టచివర తీయాలి కానీ, ఆ రాత్రే తీయాలి. మర్నాడూ అక్కడే ఉంటే, ఇంకోసారి నిజంగా మూసినప్పుడు ఎవడూ నమ్మడు.

పత్రికకు ఒక మనవి. ఇలాంటి మూసివేతల వార్త వేసేటప్పుడు వీధి పేరుతో సరిపెట్టకుండా ఏ కూడలిలో మళ్లాలో, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకానో కూడా వేయండి.

ఇట్లు,
వీధి ఉత్సవాల ఏర్పాట్లు చూసే కార్యకర్తలు