కొన్నవాళ్లు వదిలేస్తే ఎవరు సాకాలి?

ముచ్చటపడి కొన్న గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ లాంటి పెద్ద జాతి కుక్కల్ని హైదరాబాద్ శివార్లలో రోడ్డు మీద వదిలేసి పోవడం ఆగడం లేదు. పోయిన ఎండాకాలం ఔటర్ సర్వీసు రోడ్డు పక్కన దొరికిన ఒక గ్రేట్ డేన్‌ని మూడు నెలలు మా ఇంట్లో పెట్టుకున్నాం. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, గట్టి నేల మీదే పడుకుని పడుకుని మోచేతుల దగ్గర పుండ్లు, మెడ చుట్టూ గొలుసు ఒరిసిన గీత, అయినా మా పాప చేతిలోంచి పెరుగన్నం ఎంత నెమ్మదిగా తినేదో. పెంచుకుంటామని ఫోన్ చేసినవాళ్లలో సగంమంది అడిగింది ఒకటే, "పిల్లల్ని పెడుతుందా?" (అమ్ముకోవడానికన్నమాట). 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం పెంపుడు జంతువును తిండీ నీళ్లూ లేకుండా వదిలేస్తే మొదటిసారి జరిమానా 50 రూపాయలు దాటదు, ఆ డబ్బుకి ప్లేటు బిర్యానీ కూడా రాదు. ముందు ఆ జరిమానా వేలల్లోకి పెంచండి. అమ్మేటప్పుడే కుక్క చర్మం కింద మైక్రోచిప్ (గుర్తింపు నంబరుండే చిన్న చిప్) వేసి కొన్నవాళ్ల పేరు మున్సిపాలిటీలో నమోదు చేయాలి. మాలాగా కొన్నాళ్లు సాకేవాళ్లకు ప్రభుత్వ పశువైద్యశాలలో టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఉచితంగా చేయాలి, ఆపరేషన్ అయ్యాకే, ఇల్లు చూసొచ్చాకే కొత్తవాళ్ల చేతికివ్వాలి.

- ఒక పాఠకురాలు, హైదరాబాద్