నీ రెజ్యూమేలో పత్తి మిల్లు ఏది మామా?

మామా,

రాత్రి పదకొండున్నరకు నువ్వు పంపిన ఆఫర్ లెటర్ చూసి "కట్టకు" అని ఒక్క ముక్క పెట్టి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే నీవి పద్నాలుగు మెసేజ్‌లు. కోపం వచ్చిందని అర్థమైంది. వాయిస్ మెసేజ్ పెడితే సగం విని వదిలేస్తావు, ఫోన్ చేస్తే నడుమ మీ పత్తి మిల్లు కాంటా దగ్గర ఎవడో ఒకడు పిలుస్తాడు, అందుకే ఈ ఆదివారం హన్మకొండలో వాన పడుతుంటే ఇంట్లో కూర్చుని తీరిగ్గా రాస్తున్నా. పొడుగు ఉత్తరమే, చాయ్ పెట్టుకుని చదువు.

ముందు ఆ లెటర్ సంగతి. దాన్ని ఫోన్లో కాకుండా కంప్యూటర్‌లో పెద్దగా తెరిచి చూశా. లోగో ఎక్కడో దొరికిన చిన్న బొమ్మను సాగదీసి పెట్టారు, అంచులు రంపం పళ్ళలా ఉన్నాయి. పైన "డియర్ క్యాండిడేట్" అని ఉంది, నీ పేరు మాత్రం కింద ఇంకో సైజు అక్షరాల్లో అతికించారు. డేటా ఎంట్రీకి నెలకు 38,000, ఇంటి నుంచే పని, ఇంటర్వ్యూ లేదు, ల్యాప్‌టాప్ కోసం "రీఫండబుల్ డిపాజిట్" 2,950, అది కూడా సాయంత్రం ఆరులోపు. మెయిల్ జీమెయిల్ నుంచి వచ్చింది, పైసలు కొట్టమన్న యూపీఐలో కంపెనీ పేరు లేదు, ఎవరో మనిషి పేరుంది. తక్‌పట్టీ (రైతు పత్తి అమ్మిన చీటీ) మీద సంతకం కొంచెం తేడాగా ఉంటే బండిని పక్కన పెట్టించే మనిషివి కదరా నువ్వు, నీ సొంత విషయానికి వచ్చేసరికి ఆ కళ్ళు ఎటు పోయాయి?

"కంపెనీ నిజమైనదే, చెక్ చేశా" అన్నావు. కంపెనీ నిజమైనదే, ఆ లెటర్ పంపినవాడే దొంగ. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో కంపెనీ పేరు కొడితే అక్షరాలు, అంకెలు కలిపి 21 ఉండే సీఐఎన్ (కంపెనీ గుర్తింపు) నంబరు, ఆఫీసు అడ్రసు అన్నీ ఫ్రీగా చూపిస్తుంది, కానీ దాంతో తేలేది ఆ పేరుతో కంపెనీ ఉందా లేదా అన్నదే. నీకు మెయిల్ పెట్టింది వాళ్ళేనా అన్నది తేలాలంటే వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీకి వెళ్ళి ఆ పోస్టు ఉందో లేదో చూడాలి, లేదా అక్కడున్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి. లెటర్ మీదున్న నంబరుకు చేస్తే ఎత్తేది కూడా ఆ దొంగే. రిజిస్ట్రేషన్, డిపాజిట్, ట్రైనింగ్, యూనిఫాం, ఏ పేరు పెట్టి అడిగినా సరే, జీతం ఇవ్వాల్సినవాడు నీ దగ్గర పైసలు అడిగితే అక్కడే ఆపెయ్.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నీకు ఇప్పటిదాకా చెప్పని ముచ్చట ఒకటుంది. 2021లో రెండో లాక్‌డౌన్ అప్పుడు నేను ఖాళీగా ఉన్నా కదా, ఫారం ఫిల్లింగ్ పని అని ఒక ప్రకటన చూసి 1,500 కట్టా. పేర్లు, అడ్రసులు, జబ్బులు ఉన్న ఫారాల బొమ్మలు పంపేవాళ్ళు, మసక మసకగా, "ఓ" ఏదో సున్నా ఏదో తెలియకుండా. పది రాత్రులు కూర్చుని కొట్టా, మా అమ్మ లైటు ఆర్పరా అని తిట్టేది. చివరి రోజు నీ ఆక్యురసీ సరిపోలేదు అన్నారు. పోనీలే అనుకుంటే, రెండు రోజులకు "అడ్వకేట్" అని ఒకడు ఫోన్ చేసి, అగ్రిమెంట్ తప్పావు, కేసు వేస్తున్నాం, 6,000 కడితే క్లోజ్ చేస్తాం అన్నాడు. వాట్సాప్‌లో కోర్టు ముద్రతో నోటీసు కూడా పెట్టాడు. భయపడి అమ్మ దగ్గర పరీక్ష ఫీజు అని చెప్పి తీసుకుని కట్టేశా మామా. తర్వాత ఇంకో 4,000 అడిగినప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. నంబరు బ్లాక్ చేశా, ఇప్పటిదాకా ఏ కోర్టూ పిలవలేదు. ఫారాల్లో తప్పులు పడేలా వాళ్ళే మసక బొమ్మలు పంపుతారు, వాళ్ళకు కావలసింది ఆ తప్పులే.

టెలిగ్రాం టాస్కుల గోల కూడా ఇలాంటిదే. వీడియోకు లైక్ కొడితే యాభై, హోటల్‌కు రేటింగ్ ఇస్తే వంద అంటారు, మొదటి రోజు నిజంగానే రెండు మూడు వందలు వేస్తారు, దాంతో నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అని వెయ్యి, ఐదు వేలు, ఇరవై వేలు. స్క్రీన్ మీద నీ లాభం పెరుగుతూనే ఉంటుంది, చేతికి మాత్రం రాదు. ఇంకొకటి, నీ బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే కమిషన్ ఇస్తామని ఎవరైనా అంటే అసలు ఆ వైపే పోకు. ఎవరినో మోసం చేసిన పైసలు నీ ఖాతాలోంచి తిరుగుతాయి, ఖాతా ఫ్రీజ్ అవుతుంది, పోలీసులు ముందు నీ ఇంటికే వస్తారు. పొరపాటున పైసలు పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపడానికి అంత వీలుంటుంది. నేనప్పుడు ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.

మీ చిన్నాన్న కొడుకు కంబోడియాలో కంప్యూటర్ జాబ్ అంటున్నాడని రాశావు. వాణ్ణి ఆపు మామా. డేటా ఎంట్రీ అని టూరిస్ట్ వీసా మీద తీసుకెళ్ళి, పాస్‌పోర్టు గుంజుకుని, మనవాళ్ళనే మోసం చేసే సైబర్ పని చేయిస్తున్నారు, కంబోడియా, లావోస్, మయన్మార్ మూడు చోట్లా ఇదే కథ. దుబాయ్‌కో సౌదీకో పోతానంటే అది వేరు, మన దగ్గర జగిత్యాల, సిరిసిల్ల వైపు ప్రతి వాడలో ఒకడు పోయినవాడే. కానీ అక్కడ కూడా ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ వెబ్‌సైట్లో ఉందో లేదో చూడాలి, లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జీ 30,000, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షన్నర అడుగుతున్నాడంటే లెక్క నువ్వే చేసుకో.

సరే, మరి ఎక్కడ వెతకాలి అంటావు. నౌకరీ, లింక్డ్‌ఇన్, ఇండీడ్ ఈ మూడింట్లో ప్రొఫైల్ పెట్టు, డబ్బు కట్టే ప్లాన్లు ఏవీ నీకు అక్కెర లేదు. వీటిల్లో కూడా దొంగ పోస్టులు పడతాయి, సైట్ పేరు చూసి గుడ్డిగా నమ్మకు. కేంద్ర ప్రభుత్వానిది నేషనల్ కెరీర్ సర్వీస్ అని 2015 నుంచి ఉంది, మన రాష్ట్రానిది డీట్ అనే ఉద్యోగాల సైట్ ఉంది, రెండూ ఫ్రీయే. నిజం చెప్పాలంటే వాటిల్లో మన పనికొచ్చే పోస్టులు ఏరుకోవాలి, కానీ వివరాలు పెట్టి ఉంచితే పోయేదేం లేదు. ప్రభుత్వ ఉద్యోగమైతే టీజీపీఎస్సీ (రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్) లాంటి ప్రభుత్వ నియామక సంస్థ సైట్లో నోటిఫికేషన్ కనిపిస్తేనే నమ్ము. మడికొండ ఐటీ పార్కులో 2020లో టెక్ మహీంద్రా, సైయంట్ మొదలైనప్పటి నుంచి "లోపల మనవాడున్నాడు, బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తా, లక్ష ఇయ్యి" అనే మాట చాయ్ దుకాణాల దగ్గర నేనే చాలాసార్లు విన్నా. లోపల నిజంగా మనవాడుంటే రిఫరల్ పెడతాడు, దానికి లక్ష ఎందుకు?

ఇక నీ రెజ్యూమే. తిట్టుకోకు, కానీ చూసి నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది.

పోయినేడాది మా ఆఫీసులో అకౌంట్స్ పోస్టు ఒకటి పడితే, అప్పుడు నువ్వు జమ్మికుంట వదిలి రానన్నావు యాదికుందా, ఆ రెజ్యూమేలు ఏరే పని మా సారు నాకే అప్పజెప్పాడు. సుమారు నూటపది ఉంటాయి, ఒక్క సాయంత్రంలో చూడాలి. ఒక్కోదాని మీద అర నిమిషం కూడా పెట్టలేదు, అబద్ధమెందుకు. అన్నింటి పైనా అదే పేరా, "ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో నా స్కిల్స్ వాడి సంస్థ ఎదుగుదలకు తోడ్పడాలని", ఇరవై చూశాక ఆ పేరా కనబడితే కళ్ళు వాటంతట అవే కిందికి జారేవి. పరకాల వైపు నుంచి ఒకమ్మాయిది మాత్రం ఒక్క పేజీ. హోల్‌సేల్ కిరాణా షాపులో రెండేళ్ళు, నెలకు సుమారు 300 బిల్లులు టాలీలో (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) ఎక్కించడం, ప్రతి నెలా బ్యాంకు స్టేట్‌మెంట్‌తో లెక్క కలపడం, జీఎస్టీ రిటర్నులకు వివరాలు సిద్ధం చేసి ఆడిటర్‌కు ఇవ్వడం. చదవగానే ఆమె మా టేబుల్ దగ్గర కూర్చుని పని చేస్తున్నట్టే అనిపించింది. పిలిచాం, తీసుకున్నాం.

నీది రెండు పేజీలు. అందులో నాన్న పేరుంది, పుట్టిన తేదీ ఉంది, కులం ఉంది, ఆధార్ నంబరు ఉంది (అదైతే ఇప్పుడే తీసెయ్, ఎవడి చేతికి పోతుందో తెలియదు), హాబీల్లో క్రికెట్ ఉంది, చివర "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అని ఉంది. నాలుగేళ్ళ ఉద్యోగం మాత్రం ఒకే లైను: "జిన్నింగ్ మిల్లులో అకౌంటెంట్". అంతే! ఆ మిల్లులో నువ్వేం చేస్తావో నేను కళ్ళారా చూశా కదరా. రెండేళ్ళ కింద దసరా తర్వాత మీ దగ్గరికి వచ్చినప్పుడు పత్తి బండ్లు గేటు బయట దాకా లైను కట్టి ఉన్నాయి, నువ్వు ఒక చేత్తో కాంటా చీటీ పట్టుకుని, తేమ ఎంతో అడుగుతూ, రేటు కోత లెక్కేసి, ఇంకో పక్క రైతు బ్యాంకు నంబరు సరిచూస్తూ పేమెంట్ ఎక్కిస్తున్నావు. మూడు గంటలు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అది రాయాలి మామా. సీజన్లో రోజుకు ఎన్ని బండ్లు, ఎంతమంది రైతులకు పేమెంట్లు, పొరపాటున వేరే ఖాతాకు పోయినవి ఎన్ని, వాటిని ఎలా సరిచేశావు.

ఇంకో పెద్ద విషయం నీకే తెలియకుండా దాచిపెట్టావు. రైతు దగ్గర పత్తి కొంటే జీఎస్టీ రైతు కట్టడు, మిల్లే కట్టి మళ్ళీ క్రెడిట్ తీసుకోవాలి, రివర్స్ చార్జ్. 2017 నవంబర్ నుంచి పత్తికి ఇది ఉంది, నువ్వు టాలీలో ఆ ఎంట్రీలు నాలుగేళ్ళుగా వేస్తున్నావు. హైదరాబాద్‌లో బీకాం చదివి టాలీ కోర్సు సర్టిఫికెట్ పట్టుకుని తిరిగేవాళ్ళను అడుగు, రివర్స్ చార్జ్ అంటే సగం మంది నెత్తి గోక్కుంటారు. నీకది రోజూ చేసే పని కాబట్టి గొప్పగా అనిపించలేదు. మహారాష్ట్ర లారీ డ్రైవర్లతో మరాఠీ కూడా మాట్లాడతావు, అదీ రాయలేదు.

కానీ ఒకటి, లేనిది రాయకు. నీ రెజ్యూమేలో "అడ్వాన్స్‌డ్ ఎక్సెల్" అని ఉంది, వీలుకప్ (VLOOKUP) ఫార్ములా పెట్టమంటే నువ్వు నాకు ఫోన్ చేస్తావు. ఇంటర్వ్యూలో కంప్యూటర్ ముందు కూర్చోబెడితే ఏం చేస్తావు? అది తీసెయ్, లేదా ఈ నెల రోజులు కూర్చుని నేర్చుకో, యూట్యూబ్‌లో తెలుగులోనే బోలెడు ఉన్నాయి. మీ నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు ఏడాది ఖాళీగా ఉన్నావు కదా, దాన్ని తేదీలు మార్చి కప్పిపెట్టావు, ఆ పని కూడా వద్దు. "కుటుంబ ఆరోగ్య కారణాల వల్ల విరామం" అని ఒక లైను చాలు, పాత ఆఫీసుకు ఫోన్ చేసి తేదీలు అడిగేవాళ్ళు ఉంటారు.

పెద్ద కంపెనీల్లో రెజ్యూమేను ముందు మనిషి కాకుండా సాఫ్ట్‌వేర్ చదువుతుంది. వాళ్ళ ప్రకటనలో "అకౌంట్స్ పేయబుల్" (బయటివాళ్ళకు ఇవ్వాల్సిన పేమెంట్ల పని) అని ఉంటే, నువ్వు చేసింది అదే అయితే, నీ దాంట్లో కూడా అదే మాట ఉండాలి. రంగుల డబ్బాలు, రెండు వరుసల డిజైన్లు, స్కిల్స్ పక్కన చుక్కలు ఇవన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌కు ఎక్కకపోవచ్చు, సాదాగా ఉంచి పీడీఎఫ్ చేసి నీ పేరుతో సేవ్ చెయ్. మా ఆఫీసుకు "రెజ్యూమే న్యూ ఫైనల్ 2" అనే పేరుతోనే ఓ పది వచ్చాయి. నీ మెయిల్ ఐడీ కూడా మార్చు మామా, ఇంటర్‌లో హీరో పేరుతో పెట్టుకున్న ఐడీ ఇంకా ఎన్నేళ్ళు? మెయిల్‌లో నాలుగు లైన్లు రాయి, ఏ పోస్టు, ఎన్నేళ్ళ పని, ఎప్పుడు చేరగలవు, ఫోన్ నంబరు. ఒకే రాత్రి వంద చోట్ల నొక్కేసి పడుకోవడం కంటే వారానికి ఎనిమిదో పదో, ప్రకటన మొత్తం చదివి, దానికి తగ్గట్టు రెండు లైన్లు మార్చి పంపు.

ఇప్పుడు నాకు కావలసింది పోయిన సీజన్ లెక్క. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మొత్తం బండ్లు, మొత్తం పేమెంట్లు, జీఎస్టీ రిటర్నులకు నువ్వు ఏమేం సిద్ధం చేశావో, ఇవి బుధవారం లోపల పంపు. మీ సేటు లెక్కలు బయట పెట్టమని కాదు, అంకె ఉజ్జాయింపుగా చాలు, మిల్లు రేట్లు అక్కెర లేదు. వచ్చే ఆదివారం ప్యాసింజర్ పట్టుకుని వస్తా, ఇద్దరం కూర్చుని ఇంగ్లీషులో రాసేద్దాం. అమ్మకు చెప్పు, సర్వపిండి కొంచెం మాడినా పర్వాలేదు, నాకు అదే ఇష్టం.

ఆ ఆఫర్ లెటర్ వాళ్ళ హెచ్‌ఆర్ మేడం సాయంత్రం ఆరు దాటాక మళ్ళీ ఫోన్ చేసి "మీ కోసం ఇంకో రోజు గడువు ఇప్పించా" అంటుంది చూడు. ఎత్తకు.

నీ హన్మకొండ దోస్తు