పిల్లలు, దెబ్బలు, మన కాలనీ: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు హాలు గోడకు అంటించాం, తీరిగ్గా చూసుకోండి. వీధి లైట్లు వెలుగుతున్నాయి. మూడో వీధి కాలువ సగమే అయింది, మిగతా సగం కార్పొరేషన్ వాళ్ళ దయ. గంగ జాతరకు పిల్లలు వేసిన వేషాలు మీరందరూ చూసినవే, మళ్ళీ రాయను. ఈ ఏడాది సంఘంలో ఎక్కువ మాటలు, ఎక్కువ గొడవలు జరిగింది ఒకే విషయం మీద, పిల్లల్ని ఎట్లా దండించాలి అని. అందుకే ఈ నివేదికలో ముప్పాతిక భాగం దానికే పోయింది.

ఎవరి బిడ్డను వాళ్ళు కొట్టుకుంటే సంఘానికేం పని అని కొందరు ఇప్పటికీ అడుగుతున్నారు. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మన కాలనీ పిల్లోడు ఒకడు చీకటి పడినా ఇంటికి రాలేదు, ఎవరింటి వాడో ఇక్కడ అనవసరం. అలిపిరి వైపు ఒక బండి, బస్టాండు వైపు ఒక బండి పంపించి, చివరికి రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫామ్ మీద కూర్చోనుంటే పట్టుకొచ్చాం. వాడు ఫెయిల్ కూడా కాలేదు, ఇంట్లో అనుకున్నన్ని మార్కులు రాలేదు, అంతే. ఎందుకురా ఇట్లా చేసినావంటే "నాయన బెల్టు తీస్తాడు" అన్నాడు. ఎక్కడెక్కడి నుంచో ఇంట్లో అలిగి రైలెక్కి మన ఊరికి వచ్చే పిల్లల గురించి వింటూనే ఉంటాం గానీ, మన వీధి పిల్లోడే అక్కడ తేలతాడని ఎవరం అనుకోలేదు. ఆ తర్వాతే ఆదివారం సాయంత్రాలు హాల్లో తల్లిదండ్రుల కూటమి మొదలుపెట్టాం.

మన కాలనీలోనే ఉండే రిటైరైన పిల్లల డాక్టరు గారు వచ్చి మాట్లాడారు. దెబ్బ పని చెయ్యదని ఆయన అనలేదు. అప్పటికప్పుడు పని చేస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది అన్నారు. తొడపాశం పెడితే పిల్ల ఠక్కున ఊరుకుంటుంది, మనకూ కోపం దిగుతుంది, అందుకే రేపు కూడా చెయ్యి అక్కడికే పోతుంది. పిల్ల మాత్రం ఆ పని మానదు, మనకు కనపడకుండా చెయ్యడం నేర్చుకుంటుంది. అబద్ధాలు ఎక్కడ నేర్చారో అని మనం బడి మీదా స్నేహితుల మీదా పడతాం. 2016లో అమెరికా పరిశోధకులు ఇద్దరు అప్పటికి యాభై ఏళ్ళుగా జరిగిన 75 అధ్యయనాల్ని, లక్షా 60 వేల మందికి పైగా పిల్లల వివరాల్ని కలిపి చూశారట. చర్మం ఊడేలా కొట్టడం గురించి కాదు, చేత్తో పిర్రల మీద వేసే మామూలు దెబ్బల గురించే. దెబ్బలు తినే పిల్లల్లో మొండితనం, కొట్లాటలు, మనసుకు సంబంధించిన ఇబ్బందులు ఎక్కువగా కనపడ్డాయి గానీ, మాట వినడం పెరిగినట్టు కనపడలేదు. 2018లో అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం కొట్టడమే కాదు, సిగ్గుపడేలా తిట్టడం కూడా వద్దని తల్లిదండ్రులకు తేల్చి చెప్పింది. ఇంకో మాట ఆయన గట్టిగా చెప్పారు, పసిబిడ్డ ఎంత ఏడ్చినా పట్టుకుని కుదపకూడదు, మెదడులో రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చు. విసుగొస్తే బిడ్డను జాగ్రత్తగా పడుకోబెట్టి, మీరు ఆ గదిలోంచి బయటికి రండి.

ఇది విని, ముందు వరసలో కూర్చున్న తాత ఒకాయన లేచి, మేమంతా గోడకుర్చీలు వేసి, కోదండాలు ఎక్కి పెరిగినోళ్ళమే, మాకేమైంది అన్నారు. హాల్లో సగం మంది తల ఊపారు. పక్కనే ఉన్న అవ్వ కూర్చున్న చోటి నుంచే "మీ తమ్ముడు మీ నాయన దెబ్బలు పడలేక మద్రాసు పోయి, పెండ్లి అయినాక గదా మొహం చూపించింది, అది చెప్పవేం" అంది. తాత కూర్చున్నారు. తర్వాత ఆయనే, ఐదేళ్ళ దాకా లాలించు, పదేళ్ళు దండించు, పదహారొస్తే స్నేహితుడిలా చూడు అనే శ్లోకం గుర్తు చేశారు. సరే, దాన్నే తీసుకుందాం. మన ఇళ్ళల్లో బెల్టు బయటికి వచ్చేది ఎక్కువగా పదోక్లాసు, ఇంటర్ మార్కులకే గదా, అంటే శ్లోకం ప్రకారం చూసినా దండించే వయసు దాటిపోతున్నాకనే.

కొట్టం గానీ అంతకంటే ఎక్కువే చేస్తాం అని ఒప్పుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. పక్కింటి అమ్మాయితో పోల్చడం, బాత్రూంలో పెట్టి గడియ వెయ్యడం, చుట్టాల ముందు పరువు తియ్యడం. నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది మాట మానెయ్యడం. ఒకమ్మ చెప్పింది, రెండ్రోజులు బిడ్డతో పలకలేదట, అన్నం కంచం పెట్టేసి వెళ్ళిపోయేదట, మూడోనాడు ఆ పాప పలక మీద "సారీ అమ్మ" అని రాసి వంటింటి గడప దగ్గర పెట్టి పోయిందట. దాన్ని ఆమె గెలుపుగానే చెప్పడం మొదలుపెట్టింది, చెబుతూ చెబుతూ తనే ఆగిపోయింది. బెదిరింపుల సంగతి వేరే. మన ఊళ్ళో "కొండకు తీసుకుపోయి గుండు కొట్టిస్తా" అనే బెదిరింపుకు ఏ పిల్లోడూ లొంగడు, అందరికీ అదివరకే కొట్టించి ఉంటాం.

మరి ఏం చెయ్యాలంటే, డాక్టరు గారు చెప్పింది వినడానికి చాలా చప్పగా ఉంటుంది. నియమాలు తక్కువ పెట్టుకోండి, పెట్టినవి మార్చకండి, బాగా చేసిన పనిని పేరు పెట్టి మెచ్చుకోండి. "గుడ్ బాయ్" అంటే వాడికి ఏం అర్థమవుతుంది, "చెప్పకుండానే చెప్పులు స్టాండులో పెట్టినావే" అంటే రేపు కూడా పెడతాడు. చిన్న పిల్లలు అదుపు తప్పితే, ఎన్నేళ్ళుంటే అన్ని నిమిషాలు, అంటే నాలుగేళ్ళకు నాలుగు నిమిషాలు, ఆట ఆపి ఒక పక్కన కూర్చోబెట్టడం చాలు, అదీ మన కళ్ళ ముందే, గడియ వేసి కాదు. మారాం మీద ఆయన చెప్పింది చాలా మందికి పనికొచ్చింది. ఫోన్ ఇవ్వను అన్న మొదటి రోజుల్లో ఏడుపు తగ్గదు, పెరుగుతుంది, ఆ పెరిగినప్పుడే మనం జాలిపడో తలనొప్పి భరించలేకో ఇచ్చేస్తే, ఇంత ఏడిస్తేనే వస్తుందని పిల్లకు మనమే లెక్క నేర్పినట్టు. ఇవ్వకుండా నిలబడితే తగ్గుతుంది. అవ్వాతాతలు వెనక నుంచి తెచ్చి చేతిలో పెట్టకుండా ఉండాలి మరి.

దీని మీదే కొన్ని ఇళ్ళు స్టీలు డబ్బా పద్ధతి పెట్టుకున్నాయి, రాత్రి భోజనాల వేళకు ఇంట్లో అందరి ఫోన్లూ డబ్బాలోకి. తల్లి ఫోనూ తండ్రి ఫోనూ పడిన ఇళ్ళల్లో నడుస్తోంది. ఆఫీసు ఫోన్ వస్తుందని తండ్రి తనది తీసుకున్న ఇళ్ళల్లో డబ్బా మళ్ళీ పప్పులకు పోయింది.

పార్కు దగ్గర బంతి తగిలి స్కూటర్ అద్దం పగిలిన గొడవ గుర్తుంది గదా. మామూలుగా అయితే పిల్లోడికి అందరి ముందు నాలుగు పడేవి, స్కూటరాయనకు అద్దం మాత్రం వచ్చేది కాదు. ఈసారి బంతి కొట్టిన వాడు, వేసిన వాడు ఇద్దర్నీ ఆయనతో పాటు మెకానిక్ షాపుకు పంపించాం, అద్దం బిగించేదాకా అక్కడే నిలబడ్డారు, డబ్బులో కొంత పండగకు వాళ్ళకు వచ్చిన చిల్లరలోంచి ఇచ్చారు. ఇప్పుడు వాళ్ళే బండ్లు లేని వైపు వికెట్లు పాతుతున్నారు. స్కూటరాయన, పాపం, ఇప్పటికీ అది శిక్ష కాదనే అంటాడు.

చట్టం గురించి అడిగిన వాళ్ళకు. విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 17 ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం, కాబట్టి "రెండు తగిలించండి సార్" అని మనం పంతులుకు అనుమతి ఇచ్చేది ఏమీ లేదు. ఇంట్లో కూడా పిల్లల్ని కొట్టకూడదనే చట్టం స్వీడన్ 1979లోనే తెచ్చుకుంది, మనకు అట్లాంటిది లేదు. కానీ 2015 నాటి జువనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 కింద, బిడ్డ బాధ్యత ఉన్న వాళ్ళే క్రూరంగా హింసిస్తే మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు, తల్లిదండ్రులమని మినహాయింపు లేదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు హాలు తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించాం, పిల్లల కంటికి అందే ఎత్తులో. అది చెరిపెయ్యమని ఇద్దరు పెద్దలు అడిగారు, కమిటీ ఒప్పుకోలేదు.

జరగనిది కూడా చెప్పాలి. కూటమికి వచ్చింది ఎక్కువగా తల్లులు, అవ్వలే. ఇంట్లో బెల్టు ఎవరి నడుముకు ఉంటుందో వాళ్ళు రాలేదు, ఐపీఎల్ రోజుల్లో అయితే కుర్చీలు వేసిన వాళ్ళం, తీసిన వాళ్ళం మేమే. వచ్చే ఏడాది మ్యాచుల పట్టిక చూసుకునే తేదీలు వేస్తాం, ఇంక ఆ సాకు చెప్పడానికి లేదు అన్నలూ.

సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్న తీర్మానం ఒకటి. పార్కులో, హాల్లో, సంఘం కార్యక్రమాల్లో వాచ్‌మన్‌తో సహా ఏ పెద్దా ఏ పిల్లనూ, తన బిడ్డయినా సరే, కొట్టకూడదు. అభ్యంతరం ఉన్న వాళ్ళు వచ్చి అక్కడే చెప్పండి, వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి పెట్టే మెసేజీలు మినిట్స్‌లో ఎక్కవు.

ఇట్లు,
కార్యదర్శి